పరువు గీసిన గీత లోపల: ఎడిత్ వార్టన్ నవల మీద పాఠకుడి ఇష్టమూ కోపమూ

బోస్టన్‌లో ఒక సంపన్నురాలు చనిపోయింది. అల్మారాలు తెరిచి చూస్తే టిష్యూ కాగితం మడత కూడా విప్పని గౌన్లు 48 బయటపడ్డాయి. అన్నీ పారిస్‌లో వర్త్ దగ్గర కుట్టించినవే. ఏటా 12 తెప్పించుకునేది. కొత్త ఫ్యాషన్ దిగీ దిగగానే వేసుకుని తిరగడం పెద్దింటి ఆడవాళ్లకు తగదని వాటిని రెండేళ్లు దాచి ఆ తర్వాతే తీసేది. చివరి రెండేళ్లు జబ్బుపడి మంచం దిగలేదు. మైల తీరాక ఆ గౌన్లలో మొదటి విడతను కూతుళ్లు వేసుకుని కచేరీలకు వెళ్లారట. రెండేళ్లు ఆగాల్సిన అవసరం అప్పటికి తీరిపోయింది మరి.

‘ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్’ నవలలో ఇద్దరు పెద్ద వయసు స్త్రీలు ఆ కాలమే వేరంటూ చెప్పుకునే ముచ్చట ఇది. అమెరికన్ రచయిత్రి ఎడిత్ వార్టన్ 1920లో ప్రచురించిన ఈ నవల చదివేవారికి ఇక్కడే రెండు రకాల స్పందన మొదలవుతుంది. కట్టని బట్టలకు అంత డబ్బు పోసే మనుషుల కష్టసుఖాలు మనకెందుకు అనిపిస్తుంది. ఆ వెంటనే, ఇంత నిశితంగా చూసిన రచయిత్రి తర్వాతి పేజీలో ఏం చూపిస్తుందోనని చెయ్యి పేజీ తిప్పేస్తుంది. పుస్తకం పూర్తయ్యేదాకా ఈ రెండూ పాఠకుణ్ణి వదలవు. పూర్తయ్యాక కూడా చాలామందిని వదలవు.

కథ ఇదీ

1870ల తొలినాళ్ల న్యూయార్క్. జనవరి రాత్రి అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో క్రిస్టీన్ నిల్సన్ ‘ఫౌస్ట్’ ఒపెరా పాడుతోంది. పాత కుటుంబాలవాళ్లంతా ఎవరి బాక్సుల్లో వాళ్లు కూర్చున్నారు. యువ న్యాయవాది న్యూలాండ్ ఆర్చర్‌కు మే వెలండ్ అనే అమ్మాయితో పెళ్లి నిశ్చయమైంది. ఆ రాత్రి మే కూర్చున్న బాక్సులోకి ఆమె అక్క వరసైన ఎలెన్ ఒలెన్‌స్కా వస్తుంది. పోలండ్ కౌంట్‌ను పెళ్లాడి, అతని ఆగడాలు భరించలేక యూరప్ నుంచి పుట్టింటికి చేరిన మనిషి. ఆమెను చూడగానే హాలులోని దుర్భిణులన్నీ అటు తిరుగుతాయి.

ఎలెన్‌కు స్వాగతం పలుకుతూ ఆమె బంధువులు విందు ఏర్పాటు చేస్తే, పిలిచినవాళ్లలో దాదాపు అందరూ రాలేమని కబురు పంపుతారు. అప్పుడు ఆ సమాజంలో అందరికంటే పైమెట్టున ఉన్న వాండర్ లైడెన్ దంపతులు జోక్యం చేసుకుంటారు. ఒక డ్యూక్ గౌరవార్థం తామిస్తున్న విందుకు ఆమెను పిలుస్తారు. అంతే, మిగతావాళ్ల నోళ్లు మూతపడతాయి. ఎలెన్ విడాకులు అడుగుతుంది. వద్దని నచ్చజెప్పే పని కుటుంబం ఆర్చర్ నెత్తినే పెడుతుంది. అతను నచ్చజెబుతాడు, ఆమె ఒప్పుకుంటుంది. ఆ తర్వాతే ఆమెను ప్రేమిస్తున్నానని అతనికి తెలిసివస్తుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. మేతో పెళ్లి జరిగిపోతుంది.

న్యూయార్క్ రాష్ట్రంలో విడాకులకు చట్టం అంగీకరించే కారణం అప్పట్లో ఒక్కటే, వ్యభిచారం. ఆ పరిస్థితి మారింది 1966లో చట్టాన్ని సవరించాకే. అంటే విడాకులు అడిగిన స్త్రీ పేరు కోర్టులోనూ పత్రికల్లోనూ ఏ మాటల మధ్య నలుగుతుందో అందరికీ తెలుసు. ఆర్చర్ భయపడ్డది ఆ మాటలకే. నలుగురి నోళ్లలో పడటమంటే ఏమిటో తెలిసిన తెలుగు పాఠకులకు ఈ భాగం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

కోపానికి కారణాలు

ఈ నవల మీద ఫిర్యాదు ఈనాటిది కాదు. అచ్చయిన ఏడాదే డిసెంబరులో లండన్ పత్రిక ‘అథీనియం’లో కథా రచయిత్రి కాథరీన్ మాన్స్‌ఫీల్డ్ సమీక్ష రాసింది. రచనలోని నేర్పును మెచ్చుకుంటూనే, ఇంత పొందికగా, ఇంత చల్లగా ఉన్న చోట పాఠకుడి మనసు వేడెక్కేదెలా అని అడిగింది. కాస్త తెగింపు, కాస్త అడవితనం ఉండాలని కోరింది. 1921లో విమర్శకుడు వెర్నన్ పారింగ్టన్ ఇంకా గట్టిగా తగులుకున్నాడు. ఇంత ప్రతిభ ఉన్న రచయిత్రి పనీపాటా లేని ధనికుల మీద దాన్ని వృథా చేస్తోందని అతని ఆరోపణ. వందేళ్లు దాటిన నవల మీద నేటి పాఠకులు చెప్పే అభ్యంతరాలకు ఈ ఇద్దరూ అప్పుడే దారి వేశారు.

మొదటి అభ్యంతరం డబ్బు గురించి. ఈ ఇళ్లలోకి సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో నవల పెద్దగా చెప్పదు. ఆర్చర్‌కు వకీలు పని కాలక్షేపం. నౌకర్లు తలుపులు తీస్తారు, దీపాలు తెస్తారు, వెళ్లిపోతారు. వాళ్ల మనసులో ఏముందో తెలిసే అవకాశం దాదాపు రాదు. డబ్బు తన బలం చూపేది బ్యాంకర్ జూలియస్ బోఫోర్ట్ దివాలా తీసినప్పుడే. అప్పుడు కూడా కథ చూపు డబ్బు పోగొట్టుకున్న జనం మీద కంటే అతని భార్య రెజీనాకు జరిగిన అవమానం మీదే నిలుస్తుంది. రెజీనా రాత్రివేళ వచ్చి, పుట్టింటివాళ్లుగా మా వెనక నిలబడమని ఎలెన్ నానమ్మను వేడుకుంటుంది. ముసలావిడ కాదంటుంది. ఆ రాత్రే ఆమెకు పక్షవాతం వస్తుంది.

రెండో అభ్యంతరం ఆర్చర్ గురించి. పుస్తకాలు చదువుతాడు, స్త్రీలకు పురుషులంత స్వేచ్ఛ ఉండాలని ఆవేశంగా ప్రకటిస్తాడు. తీరా ఎలెన్‌కు ఆ స్వేచ్ఛ దక్కే సమయం వస్తే అడ్డుపడేది అతనే. పెళ్లికి ముందు మేకు రోజూ తెల్లటి లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పూలు పంపుతాడు. ఒకరోజు అదే దుకాణంలో పసుపు గులాబీలు కనబడితే ఎలెన్‌కు పంపిస్తాడు, కవరులో తన పేరు కార్డు పెట్టబోయి తీసేస్తాడు. అతని జీవితమంతా ఆ కవరులో ఉంది. ఇష్టం ఉంది, కింద సంతకం పెట్టే ధైర్యం లేదు. ఇలాంటి వాడి వెంట 34 అధ్యాయాలు నడవడం కొందరికి విసుగు పుట్టించడంలో ఆశ్చర్యం లేదు.

మూడోది మరింత బలమైనది. కథంతా ఆర్చర్ కళ్లతోనే చూస్తాం. ఎలెన్ యూరప్‌లో ఏం పడింది, ఒంటరిగా ఇంట్లో ఏం ఆలోచిస్తుంది, ఎవరికి ఉత్తరాలు రాస్తుంది? అతనికి ఎంత తెలిస్తే మనకూ అంతే. అందరికంటే ఎక్కువ బతుకు చూసిన మనిషి లోపలికి మనకు దారి లేదు.

వార్టన్ దృష్టిలోనూ లోపాలున్నాయి. 1905 నాటి ‘ది హౌస్ ఆఫ్ మర్త్’లో యూదు వ్యాపారి రోజ్‌డేల్‌ను చిత్రించిన తీరు నేటి పాఠకుణ్ణి నొప్పిస్తుంది. తన వర్గపు దురభిప్రాయాలను కొన్నిటిని ఆమె ఎండగట్టింది, కొన్నిటిని తనలోనే మోసుకు తిరిగింది. ఆమెను గొప్ప రచయిత్రి అనేవారు ఈ సంగతి దాటవేయకూడదు.

విందు బల్ల దగ్గర

ఇన్ని అభ్యంతరాలున్న పాఠకుణ్ణి కూడా కదలకుండా కూర్చోబెట్టే అధ్యాయం ఒకటి చివర్లో ఉంది. ఎలెన్ యూరప్ తిరిగి వెళ్లిపోతోంది. ఆమెకు వీడ్కోలు విందు ఇద్దామని మే పట్టుబడుతుంది. కొత్త దంపతులుగా వాళ్లింట్లో ఇదే మొదటి పెద్ద విందు. వంటకు బయటి నుంచి మనిషిని మాట్లాడారు, వడ్డించడానికి ఇద్దరు నౌకర్లను ఎరువు తెచ్చుకున్నారు. బల్ల మీద గులాబీలు, అంచుకు బంగారు పూత పూసిన మెనూ కార్డులు, వెండి బుట్టల్లో మిఠాయిలు. మధ్యలో రోమన్ పంచ్ కూడా ఉంది. నిమ్మరసం, మద్యం కలిపి గడ్డకట్టీ కట్టకుండా చేసి, ఒక వంటకానికీ మరో వంటకానికీ మధ్య అందించే పానీయం అది. ఆ ఒక్కటి ఉంటే చాలు, ఇది మామూలు భోజనం కాదు, ఘనమైన విందు అని వచ్చినవాళ్లకు తెలిసిపోతుంది.

ఎవరూ ఒక్క పరుషమైన మాట అనరు. ఎలెన్ వైపు చూసి నవ్వుతారు, ప్రయాణం సుఖంగా సాగాలంటారు. నిన్నటిదాకా ఆమె ఇంటి గడప తొక్కనివాళ్లు కూడా ఈ రాత్రి ఆప్యాయత ఒలకబోస్తారు. వడ్డన సాగుతుండగా ఆర్చర్‌కు మెల్లగా తెలిసివస్తుంది. తనూ ఎలెన్ హద్దు దాటారని వీళ్లంతా నెలల తరబడి నమ్ముతున్నారు. తన భార్య కూడా అలాగే అనుకుంటోంది. అందరూ కలిసి ఆమెను సాగనంపుతున్నారు. అరుపుల్లేవు, నిందల్లేవు. ఎంగిలిపడని చేతులతో, మర్యాద తప్పకుండా ఒక మనిషిని వెలివేస్తున్నారు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక, ఎక్కడికైనా దూరం వెళ్లిపోతానని ఆర్చర్ చెప్పబోతాడు. తనకు నెల తప్పిందని మే చెబుతుంది. ఎలెన్‌కు ఈ మాట రెండు వారాల కిందటే చెప్పానంటుంది. అప్పటికి ఖాయమని తెలుసా అని అతను అడిగితే, అప్పుడు తెలియదంటుంది. అయినా ఆమె అనుకున్నట్టే జరిగింది. ఆమె కళ్లలో గెలుపు తెలుస్తూనే ఉంది.

పారింగ్టన్ వాదానికి జవాబు ఈ అధ్యాయంలో దొరుకుతుంది. పనీపాటా లేని ధనికుల కథే కావచ్చు. కానీ ఒక కట్టడి మనిషి మీద ఎలా పనిచేస్తుందో, రక్తం చుక్క రాలకుండా ఎలా ఓడిస్తుందో ఇంత దగ్గరగా చూపిన రచనలు తక్కువ. ఆ కట్టడి న్యూయార్క్ మేడల్లోనే ఉంటుందని ఎవరూ అనలేరు.

రెండోసారి చదివితే మే

మొదటిసారి చదివినప్పుడు చాలామందికి మే బొమ్మలా కనిపిస్తుంది. అందంగా ఉంటుంది, నేర్పినట్టు నడుచుకుంటుంది, న్యూపోర్ట్‌లో విలువిద్య పోటీ గెలిచి వజ్రాల బాణం పిన్ను బహుమతిగా పుచ్చుకుంటుంది. ఆర్చర్ ఆమెను అలాగే చూస్తాడు కాబట్టి మనమూ అలాగే చూస్తాం.

రెండోసారి చదివితే మరో మనిషి కనిపిస్తుంది. పెళ్లికి ముందే ఫ్లోరిడాలో ఆమె ఆర్చర్‌ను సూటిగా అడుగుతుంది: మీ మనసులో వేరెవరైనా ఉన్నారా? ఉంటే ఆమెకు అన్యాయం చేసి నేను సుఖపడలేను, మిమ్మల్ని వదులుకుంటాను. 1870ల నాటి కన్యకు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించాలి. నిజం చెప్పే అవకాశం అతనికి అక్కడే వచ్చింది. అతను చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ఇక అడగలేదు. తనకు నేర్పిన ఆయుధాలతోనే, మర్యాదతోనూ మౌనంతోనూ తన కాపురాన్ని కాపాడుకుంది.

చనిపోయేముందు ఆమె పెద్ద కొడుకు డల్లాస్‌తో చెప్పిన మాట చివరి అధ్యాయంలో బయటపడుతుంది. మీ నాన్న దగ్గర మీకేం భయం లేదు, నేను అడిగినందుకు ఒకప్పుడు తనకు ప్రాణప్రదమైనదాన్ని వదులుకున్నాడు అని చెప్పిందట. ఆమె తనను ఎన్నడూ అడగలేదే అంటాడు ఆర్చర్. ఏమీ తెలియని పిల్ల అని జీవితమంతా అతను అనుకున్న మనిషికి అన్నీ తెలుసు. అతని దుఃఖాన్ని కనిపెట్టి జాలిపడిన మనిషి ఒకరు ఇంట్లోనే ఉన్నారు. ఇది తెలిశాక మే మీద కోపం నిలవదు. ఆర్చర్ మీద మాత్రం ఇంకాస్త పెరుగుతుంది.

రాసిన మనిషి మనసు

పాఠకుడిలోని ఈ పెనుగులాటకు మూలం రచయిత్రి జీవితంలోనే ఉంది. ఎడిత్ 1862 జనవరి 24న న్యూయార్క్‌లో, తాను వర్ణించినలాంటి ఇంట్లోనే పుట్టింది. 1885లో ఎడ్వర్డ్ వార్టన్‌తో పెళ్లయింది. ఆ కాపురం సుఖంగా సాగలేదు. భర్త ఆమె ట్రస్టు సొమ్ము వాడేసుకున్నాడు. 1913లో పారిస్‌లో విడాకులు తీసుకుంది. ఎలెన్‌కు దక్కనిది రచయిత్రి తన 51వ ఏట సాధించుకుంది. ఆ తర్వాత అమెరికాలో కాపురం పెట్టలేదు.

మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆమె పారిస్ విడిచి పోలేదు. పని పోయిన కుట్టుపని స్త్రీల కోసం పనిశాల పెట్టింది, శరణార్థులకు వసతి గృహాలు నడిపింది, బెల్జియం నుంచి వచ్చిన పిల్లలను ఆదుకుంది. 1916లో ఫ్రాన్స్ ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్‌తో గౌరవించింది. యుద్ధం ముగిసేసరికి ఆమెకు తెలిసిన ప్రపంచం పోయింది. చిన్నప్పుడు ఊపిరాడనివ్వని పాత న్యూయార్క్ కూడా అందులో ఉంది.

అప్పుడు కూర్చుని ఈ నవల రాసింది. మొదలుపెట్టేనాటికి ఆమెకు 57 ఏళ్లు. చివరి అధ్యాయంలో పారిస్ వెళ్లే ఆర్చర్‌కూ 57 ఏళ్లే. ఆ ఊరు తనను ఎంత కట్టిపడేసిందో ఆమె మరిచిపోలేదు. మాట మీద నిలబడటం, బాధ్యత నుంచి పారిపోకపోవడం కూడా అక్కడే నేర్చుకుంది, దాన్నీ మరువలేదు. అందుకే తీర్పు ఒకవైపుకు మొగ్గదు. పాఠకుడికి కలిగే ఇష్టమూ కోపమూ చదవడంలో పొరపాటు వల్ల రావు. రచయిత్రిలో ఉన్నవే అవి.

ఆ ఊరు ఎంత త్వరగా మారిందో ఒక్క ఒపెరా చరిత్ర చెబుతుంది. అకాడమీలో బాక్సులు 18 మాత్రమే, అవి పాత కుటుంబాల చేతుల్లో ఉండేవి. రైళ్ల మీద, ఓడల మీద గడించిన వాండర్‌బిల్ట్‌లాంటి వాళ్లు ఎంత ఇస్తామన్నా చోటు దొరకలేదు. దాంతో కొత్త ధనవంతులు కలిసి తమకో మందిరం కట్టుకున్నారు. మెట్రోపాలిటన్ ఒపెరా 1883 అక్టోబరు 22న మొదలైంది. ఆ రాత్రి ప్రదర్శన ‘ఫౌస్ట్’, పాడింది క్రిస్టీన్ నిల్సన్. అకాడమీలో ఒపెరా 1886కల్లా ఆగిపోయింది. నవల మొదటి పేజీలోనే ఆ గాయని పేరు చదవగానే, న్యూయార్క్ సంగతులెరిగిన ఆనాటి పాఠకులకు మిగతా చరిత్ర గుర్తుకు రాకుండా ఉండదు.

వేరే ముగింపు రాసి చూసింది

ఆర్చర్ తెగించి ఎలెన్‌తో వెళ్లిపోయి ఉంటే బాగుండేదని అనుకునే పాఠకులు ఒక విషయం తెలుసుకోవాలి. వార్టన్ ఆ దారి ఆలోచించి చూసింది. యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్న ఆమె కాగితాల్లో ఈ నవలకు తొలి ప్రణాళికలు దొరుకుతాయి. ఒకదానిలో అతను మేతో పెళ్లి రద్దు చేసుకుని ఎలెన్‌ను పెళ్లాడతాడు. కొన్నాళ్లకే ఇద్దరికీ పొసగదు. న్యూయార్క్ బతుకు ఆమెకు పడదు, అది లేకుండా అతను ఉండలేడు. ఎలెన్ యూరప్ వెళ్లిపోతుంది. మరోదానిలో మేతో పెళ్లయ్యాక ఆర్చర్, ఎలెన్ కొన్ని వారాలు ఫ్లోరిడాలో కలిసి గడుపుతారు. అక్కడా సుఖం దక్కదు.

ఈ దారులన్నీ వదిలేసి ఆమె చివరికి ఎంచుకున్నది పారిస్‌లో ఒక వీధి బెంచీ. భార్య పోయింది, ఆర్చర్‌కు అడ్డు చెప్పేవారెవరూ లేరు. ఎలెన్ ఎదుటి భవనంలో పైఅంతస్తులో ఉంది. కొడుకును పైకి పంపి అతను కిందే కూర్చుంటాడు. వెలుగు తగ్గాక నౌకరు వచ్చి కిటికీ తలుపులు వేసేస్తాడు. అతను లేచి ఒంటరిగా హోటలుకు వెళ్లిపోతాడు. కొందరు పాఠకులు ఇక్కడ పుస్తకాన్ని విసిరికొట్టాలనుకుంటారు. మరికొందరికి ఇంతకంటే నిజమైన ముగింపు లేదనిపిస్తుంది. 26 ఏళ్లు మనసులో పెంచుకున్న మనిషిని మెట్లెక్కి చూస్తే, ఆ మనిషి మిగులుతుందా అన్న అతని భయం న్యాయమైనదే. ఆ భయం వల్లే జీవితమంతా పోగొట్టుకున్నాడన్న కోపమూ న్యాయమైనదే.

1921లో ఈ నవలకు పులిట్జర్ బహుమతి వచ్చింది. కాల్పనిక సాహిత్యానికి ఆ బహుమతి పొందిన మొదటి మహిళ వార్టన్. న్యాయనిర్ణేతలు ముందు సింక్లెయిర్ లూయిస్ రాసిన ‘మెయిన్ స్ట్రీట్’ను ఎంపిక చేశారు. బోర్డు ఆ నిర్ణయాన్ని పక్కనపెట్టి, అమెరికన్ జీవితంలోని ఆరోగ్యకరమైన వాతావరణాన్ని, ఉన్నత మర్యాదలను చూపిందంటూ వార్టన్‌కు ఇచ్చింది. అమెరికన్ల నీతిని పెంచినందుకు తనకు బహుమతి ఇచ్చారని తెలిసినప్పుడు నిరాశ కలిగిందని ఆమె లూయిస్‌కు ఉత్తరం రాసింది. లూయిస్ తన తర్వాతి నవల ‘బాబిట్’ను 1922లో ఆమెకు అంకితమిచ్చాడు. బోర్డు పొగడ్తే చదివింది, అభియోగాన్ని చదవలేదు. పారింగ్టన్ అభియోగం చాలలేదన్నాడు. రెండు వైపుల వాళ్లూ సగం నవలే చదివారు.

మార్టిన్ స్కోర్సెసీ 1993లో దీన్ని సినిమా తీశాడు. డేనియల్ డే లూయిస్, మిషెల్ ఫైఫర్, వినోనా రైడర్ నటించారు. దుస్తుల రూపకల్పనకు ఆస్కార్ వచ్చింది. విందు సన్నివేశం తెర మీద చూశాక నవల చదివితే ఆ వంటకాల పేర్లు, పూల పేర్లు అలంకారానికి పెట్టినవి కావని బాగా తెలుస్తుంది.

ఈ నవలను మెచ్చుకోలేకపోతున్నామని నొచ్చుకునేవారు చదవడం మానేయనక్కర్లేదు. ఆర్చర్ మీద కోపాన్ని అలాగే ఉంచుకుని, మరోసారి మొదటి నుంచి మే ఎక్కడెక్కడ మౌనంగా ఉందో, ఎక్కడ అడిగిందో గమనిస్తూ చదవాలి. పుస్తకం దొరకడం కష్టం కాదు. వార్టన్ 1937లో చనిపోయింది, కాపీరైట్ గడువు మన దేశంలో ఎప్పుడో తీరిపోయింది. ఆంగ్ల మూలం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంది. తెలుగులోకి తేవాలనుకునే అనువాదకులు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. పూనుకునేవారు విందు అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు.